రెండు పేజీల మధ్య కాలిబాట

తెనాలి

నాన్నా,

నా ఉద్యోగం నిలబడింది, ఇక దిగులు పడకు. ఫోన్లో చెబితే సగంలో పెట్టేస్తావని కార్డు రాస్తున్నాను. నా పని చూడ్డానికని ఇచ్చిన మా పత్రిక నడిమి పేజీలు రెండూ గళ్లు గీసుకుని కొత్తగా డిజైన్ చేశాను. అక్షరాలు పెద్దవి చేసి, కాలమ్‌ల మధ్య చోటు వదిలాను.

"ఇంత ఖాళీ ఏంటమ్మా, దండగ కదా?" అన్నారు ఎడిటర్ శశిధర్ గారు.

"భట్టిప్రోలులో మా నాన్నగారు వరినాట్ల మధ్య కాలిబాటలు వదుల్తారండి. గాలాడకపోతే పైరుకి దోమ పడుతుందండి" అన్నాను.

ఆయన పకపకా నవ్వి, పత్రికంతా అలాగే చేసేయమన్నారు!

అమ్మ మోకాలి నొప్పి తగ్గిందా? నా పాత కళ్లజోడు బాపట్ల అత్త చేత పంపించు. నానమ్మకు నా దండాలు. రాయాల్సింది ఇంకా ఉన్నా, ఈ కార్డుకు నాలుగు వైపులా అంచు వదిలాను, చూసుకో.

నీ రాగసుధ