వాగుకి అవతల

1876 సెప్టెంబరు 14

మా ఆయన బ్రాండుర్ పొద్దున పడవెక్కాడు. విన్నిపెగ్ వైపు కోతలకి మనుషులు కావాలట. కోతలయ్యాక రోడ్డు పని ఉంటుందట. సరస్సు గడ్డకట్టాక మంచు మీదే నడిచి క్రిస్మస్‌కి వచ్చేస్తానన్నాడు.

ఇంటికి ఇంకా తలుపు లేదు. దుప్పటి వేలాడదీశాను.

పడవ చుక్కయిపోయేదాకా దీసా ఒడ్డునే నిలబడి చెయ్యి ఊపింది. నాన్న అట్నుంచి అటే మన ఊరెళ్లిపోతాడా అని అడిగింది. ఐదేళ్ల పిల్ల. ఓడెక్కి ఐస్‌లాండ్ వదిలి ఈ కెనడాకి బయల్దేరి మూడు నెలలు కాలేదు. మన ఊరింక ఈ గిమ్లీయేనే పిల్లా, అక్కడ బూడిద తప్ప ఏముంది, అంది అత్తయ్య. నిజమే. కొండ పేలి బూడిద కురిసి, గడ్డీ పోయింది, గొర్రెలూ పోయాయి. దీసాకి అలా చెప్పి అత్తయ్య ఇంటి వెనక్కి పోయి చాలాసేపు ముక్కు చీదుకుంది.

సెప్టెంబరు 30

అత్తయ్యా నేనూ కలిసి తలుపు చేశాం. వంకరగా వచ్చింది. బ్రాండుర్ చూస్తే నవ్వుతాడు. నవ్వనీ. నవ్వడానికైనా రానీ.

అక్టోబరు 19

మూడిళ్ల అవతల ఒకాయనకి ఒళ్లంతా పొక్కులు. ఎవరూ రోగం పేరు పలకలేదు. పక్కింటి తోర్లాక్ ఒక్కడే పలికాడు. ఒంటరి మనిషి, వడ్రంగి, దాపరికం తెలియదు. ఇది మశూచి, నేను చిన్నప్పుడు చూశాను, పిల్లని బయటికి పంపకమ్మా అన్నాడు.

నవంబరు 9

మూడు వారాల తర్వాత పెన్ను పట్టుకున్నాను. నాకే వచ్చింది. బతికాను.

బకెట్ నీళ్లలో మొహం చూసుకున్నాను. చూసుకోకుండా ఉండాల్సింది. మొహానికేమైందిలే, తినడానికీ తిట్టడానికీ నోరు మిగిలింది కదా అంది అత్తయ్య. నన్ను నవ్వించాలని. నవ్వితే పొక్కుల పక్కులు లాగుతున్నాయి.

దీసాని ఇన్నాళ్లూ తోర్లాక్ ఇంట్లో పెట్టారు. ఇవాళ గుమ్మంలోంచి నన్ను చూసి, మా అమ్మేది అని అడిగింది. మాట్లాడాక గుర్తుపట్టింది. వచ్చి మెడ పట్టుకుని వదల్లేదు. నేనూ వదల్లేదు.

నవంబరు 29

దక్షిణాన వాగు దగ్గర సర్కారు కాపలా పెట్టింది. క్వారంటైన్. రోగం పోయేదాకా ఇటువాళ్లు అటు వెళ్లకూడదు, అటువాళ్లు ఇటు రాకూడదు. మా ఉత్తరాలు రోగం అంటకుండా కార్బాలిక్ మందు నీళ్లలో ముంచి పంపుతారట.

బ్రాండుర్ అటువైపు ఉన్నాడు.

ఉత్తరాన ఇసుకతిన్నెల దగ్గర ఆదివాసుల గూడెంలో మనుషులే మిగల్లేదని తోర్లాక్ చెప్పాడు. వచ్చిన కొత్తలో వల ఎక్కడ వెయ్యాలో మాకు చూపించింది వాళ్లే. రోగం మాత్రం మనం తెచ్చిందే అన్నాడు.

డిసెంబరు 4

దీసాకి ఒళ్లు వెచ్చగా ఉంది. జలుబు. జలుబే.

డిసెంబరు 8

జలుబు కాదు. నిన్నటికి మొహం నిండా లేచాయి. ఇవాళ నోట్లో, అరికాళ్లలో, కనురెప్పల లోపల. నీళ్లు మింగలేక ఏడుస్తుంది, ఏడిస్తే కళ్లు మండి ఇంకా ఏడుస్తుంది. చేతులకి గుడ్డలు చుట్టాం, గోకకుండా. విప్పమంటుంది. అమ్మా మంచిదానివి కదా, ఒక్క చెయ్యి, ఒక్కటే, అంటుంది. విప్పలేదు. నా నుంచే వచ్చింది. ఆ రోజు నా మెడ పట్టుకుంటే వదిలించుకోవాల్సింది. అత్తయ్య దగ్గర ఈ మాటంటే, తల్లి మెడ పట్టుకోని పిల్ల ఎక్కడైనా ఉంటుందా, నోరు మూసుకుని ఆ గుడ్డ తడుపు అంది. డాక్టరు అరవై ఇళ్లు తిరగాలి. వచ్చాడు, చూశాడు, చేతి సంచీ మూశాడు.

నాన్న ఎన్ని రోజుల్లో వస్తాడని అడిగింది. వేళ్లు లెక్కపెట్టుకోవడానికి చెయ్యి విప్పమంది. అప్పుడు విప్పాను.

డిసెంబరు 13

దీసా పోయింది. తెల్లవారాక, వెలుతురొచ్చాక.

డిసెంబరు 15

నేల ఇనుములా ఉంది. గొడ్డలి దెబ్బకి నిప్పురవ్వలు లేస్తున్నాయి. వసంతం దాకా ఎవరినీ పూడ్చలేం. తోర్లాక్ తన ఇంట్లో నేల మీద పరిచిన చెక్కలు ఊడదీసి పెట్టె చేశాడు. కుక్కలకీ తోడేళ్లకీ అందకుండా ఇంటి కప్పు మీద పెట్టారు. ఊళ్లో చాలా కప్పుల మీద ఉన్నాయి అలాంటివి.

నేను లోపల రొట్టె చేస్తుంటాను, నా బిడ్డ నా తలపైన ఉంటుంది.

డిసెంబరు 19

బ్రాండుర్ కబురు పంపాడు. ఇరవై నాలుగో తారీకు మధ్యాహ్నం వాగు అవతల నిలబడతాడట. దాటనివ్వరు, కానీ చూసుకోనిస్తారట. మీరు ఎవరైనా రాగలిగితే రండి, దీసాని మాత్రం చలిలో తీసుకురావొద్దు అని చెప్పించాడు.

నలభై మైళ్లు. తోర్లాక్ ఉత్తరాల సంచీ పట్టుకుని ఎలాగూ వెళ్తున్నాడు. నేనూ వెళ్తానన్నాను. అత్తయ్య నా బూట్లలో ఎండుగడ్డి కుక్కుతూ, ఇది ఉత్తరంలో రాసే మాట కాదు, నీ నోటితో చెప్పు, వాడు కూలబడితే లేచేదాకా అక్కడే ఉండు అంది.

చెబుతాను. అందుకే వెళ్తున్నాను.

డిసెంబరు 25

దారిలో ఎవరిదో చేపల గుడిసె. తోర్లాక్ పొయ్యి వెలిగిస్తున్నాడు. వేళ్లు వంగడం లేదు, అయినా రాస్తాను.

నిన్న మధ్యాహ్నం వాగు చేరాం. ఇద్దరు కాపలావాళ్లు, తుపాకులు, మంట. చెడ్డవాళ్లు కారు. ఒకడు నాకు టీ పోసి మంచు మీద పెట్టి దూరంగా జరిగాడు. వాగు వెడల్పు అరవై అడుగులుంటుంది. అవతల బ్రాండుర్.

మూడు నెలలు. అంత దూరంలోనూ సన్నబడ్డట్టు తెలిసింది. ఎడమ కాలు మీదే బరువు వేసి నిలబడతాడు, అలాగే నిలబడ్డాడు. నేను శాలువా కళ్ల దాకా చుట్టుకున్నాను.

గాలి. అరిస్తే ఒకటో రెండో మాటలు దాటుతున్నాయి, మిగతావి కొట్టుకుపోతున్నాయి. రాన్‌వేగ్ అని అరిచాడు. నా పేరు ఆ గొంతులో విని ఎన్నాళ్లయింది. అమ్మెలా ఉంది అన్నాడు. బాగుందన్నాను. తర్వాత రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని, దీసా ఎలా ఉంది అని అరిచాడు.

దారంతా అనుకుంటూ వచ్చిన వాక్యం ఉంది. పొడుగైంది. గాలికి దాటదు. దాటాలంటే ఒక్క మాటగా కుదించి అరవాలి. తెలియని ఇద్దరు మగవాళ్ల ముందు, గొంతు చించుకుని, నా బిడ్డ గురించి ఆ ఒక్క మాట. ఆయన కూలబడితే నేను వెళ్లి పట్టుకోలేను. వాగులోకి దిగితే కాలుస్తారు.

బాగుంది, అని అరిచాను.

మంచు మీద గెంతాడు. పెళ్లైన కొత్తలో కూడా అలా గెంతలేదు. ఒక మూట ఇటు విసిరాడు. సామాను ఇటు రావచ్చు, అటు పోకూడదు. పంచదార, కాఫీ గింజలు, చిన్న ఎర్ర ఊలు టోపీ.

తోర్లాక్ తిరిగొస్తూ ఒక మైలు నడిచాక, టోపీ మీద మంచు పడుతోందమ్మా, లోపల పెట్టుకో అన్నాడు.

డిసెంబరు 28

చెప్పావా అని అత్తయ్య అడిగింది. లేదన్నాను. మూట విప్పి టోపీ చూసింది. నా కొడుకుని వెర్రివాణ్ణి చేశావు అంది. అప్పట్నుంచి నాతో మాట్లాడలేదు. కాఫీ మాత్రం కాచి ఇచ్చింది, పంచదార వెయ్యకుండా.

1877 జనవరి 20

ఉత్తరం రాశాను. నిజం రాద్దామనే కూర్చున్నాను. ప్రియమైన బ్రాండుర్ దాకా బాగానే వచ్చింది. తర్వాత, దీసా టోపీ తీయనంటోంది, దాంతోనే పడుకుంటోంది, అని రాశాను.

రాస్తున్నంతసేపూ నిజంగా అలాగే ఉంది. చివరికొచ్చి తలెత్తితే గది ఖాళీ.

అత్తయ్య సంతకం పెట్టనంది.

ఫిబ్రవరి 11

కప్పు మీద కాకులు. కర్ర పట్టుకుని వెళ్లి తోలాను.

మార్చి 18

బ్రాండుర్ ఉత్తరం. నాలుగు పేజీలు, మూడు దీసాకే. ముందు పన్ను కదులుతోందా, ఊడితే పారెయ్యొద్దు, నేను చూడాలి, అని రాశాడు. రోడ్డు పనిలో పక్కవాళ్లకి టోపీ సంగతి చెబితే అందరూ నవ్వారట.

పైకి చదివాను. అత్తయ్య వల అల్లుతూ వింది. రెండు నెలల తర్వాత మొదటి మాట మాట్లాడింది. ఊడిందని రాయి, అంది. మంచులో ఎక్కడో పడిపోయింది, వెతికినా దొరకలేదని రాయి. దొరికిందంటే వాడొచ్చి అడుగుతాడు.

ఈసారి ఆమె కూడా సంతకం పెట్టింది.

మే 12

నేల మెత్తబడింది. దీసాని కిందికి దింపాం. బిర్చి చెట్ల వెనక, నీళ్లు కనబడే చోట. తోర్లాక్ ప్రార్థన చదివాడు. పెట్టె మీద అత్తయ్య టోపీ పెట్టింది. మట్టి నేను వేశాను.

మధ్యాహ్నం బంగాళదుంపలు నాటాం. వేరే పని తోచలేదు.

జూన్ 24

రోగం పోయి వారాలైంది. కాపలా మాత్రం తియ్యలేదు. మగవాళ్లంతా కలిసి వెళ్లి వాగు దాటేస్తామంటున్నారు. వాళ్లు అరుస్తుంటే, తియ్యకండి, ఇంకొన్నాళ్లు ఉంచండి అనిపించింది నాకు. వెంటనే ఆయన నిలబడే తీరు గుర్తొచ్చి, ఇవాళే తీసెయ్యండి అనిపించింది. ఒకే నిమిషంలో రెండూ.

జూలై 23

కాపలా తీసేశారు. ఆయన బయల్దేరినట్టు కబురొచ్చింది. ఇంటికొచ్చాక గుమ్మంలో వినకూడదు. ఎదురెళ్లాను.

రెండు గంటలు నడిచాక చెట్ల మధ్య కనబడ్డాడు. వీపున పెద్ద మూట. దగ్గరికొచ్చి టోపీ తీసి, అమ్మా, గిమ్లీకి ఇదే దారా అన్నాడు.

నా మొహం సంగతి ఏ ఉత్తరంలోనూ రాయలేదు.

ఇదే, అన్నాను. గొంతు వినగానే మూట జారవిడిచాడు. నువ్వా, నువ్వేనా అంటూ నా చెంపలు రెండు చేతుల్లోకి తీసుకున్నాడు, గుంటలన్నీ తడిమాడు. ఏడ్చాడు, నవ్వాడు. ఇంత జరిగిందా, నాకు చెప్పలేదేం పిచ్చిదానా అన్నాడు. ఇంకొక్క నిమిషం. ఆ చేతుల్లో ఇంకొక్క నిమిషం ఉండనిస్తే చాలనుకున్నాను. తర్వాత నా వెనక్కి తొంగి చూసి, దాన్ని తీసుకురాలేదా, నడవలేనందా, ఎత్తుకుని పోదాం పద అన్నాడు.

దీసా లేదు బ్రాండుర్. డిసెంబరు పదమూడున పోయింది.

అర్థం కానట్టు చూశాడు. వాగు దగ్గరికి నువ్వొచ్చింది ఇరవై నాలుగున కదా అన్నాడు.

అవునన్నాను.

చేతులు తీసేశాడు. దారి పక్క కూర్చున్నాడు. దోమలు వాలుతున్నా తోలుకోలేదు. ఏడు నెలలు నవ్వుతూ తిరిగాను రాన్‌వేగ్, అది మట్టిలో ఉంటే నేను దాని పన్ను గురించి అందరికీ చెప్పి నవ్వాను, అన్నాడు. లేచి మూట ఎత్తుకుని ముందు నడిచాడు. నేను వెనక.

జూలై 31

తోర్లాక్ ఇంట్లో పడుకుంటున్నాడు. పగలు వచ్చి కట్టెలు కొట్టి పోతాడు. నావైపు చూడడు.

ఎనిమిది నెలలు నలభై మైళ్ల దూరం నుంచి ఆయన కోసం కొట్టుకున్నాను. ఇప్పుడు గొడ్డలి చప్పుడు వినబడే దూరంలో ఉన్నాడు. అదే కొట్టుకోవడం.

ఆగస్టు 9

అత్తయ్య ఇవాళ ఆయన చేతిలో గొడ్డలి లాక్కుంది. దీనిమీద కోపమైతే నామీదా చూపించరా, పన్ను ఊడిందని రాయమన్నది నేనే, అంది. నువ్వు అవతల ఉన్నావు. దాని చేతులకి గుడ్డలు కట్టింది మేము, కప్పు ఎక్కించింది మేము, కాకుల్ని తోలింది ఇది. పాతిపెట్టిన పదకొండో రోజున కాదురా, పాతిపెట్టడానికి కూడా వీల్లేని పదకొండో రోజున ఇది నలభై మైళ్లు మంచులో నడిచి నీ మొహం చూడ్డానికొచ్చింది. నువ్వైతే ఏమని అరిచేవాడివి, చెప్పు.

ఆయన బిర్చి చెట్ల వైపు వెళ్లాడు. చీకటి పడే వేళకి మోకాళ్ల మీద మట్టితో వచ్చి, మా ఇంట్లోనే భోజనానికి కూర్చున్నాడు. రెండోసారి చేప వడ్డిస్తే వద్దనలేదు.

ఆగస్టు 16

మధ్యాహ్నం వచ్చి బల్లకి అటువైపు కూర్చున్నాడు. ఇప్పుడు చెప్పు, అన్నాడు. నువ్వు రాసినవి కాదు. జరిగింది. మొదటి రోజు నుంచి.

నోరు తెరిచాను. గాలి లేదు, కాపలా లేదు, చెయ్యి చాస్తే అందేంత దగ్గర. ఒక్క మాట రాలేదు.

నోటితో రాకపోతే రాసివ్వు అన్నాడు. నీ ఉత్తరాలు చదవడం అలవాటైపోయింది నాకు, అన్నాడు. వెక్కిరింపు కాదు.

రాసే ఉంది, అన్నాను.

ఆగస్టు 17

బ్రాండుర్, ఈ పుస్తకం డిసెంబరు నాలుగు నుంచి చదువు. ఎనిమిదో తారీకు రాత బాగోదు, మెల్లగా చదువు. గుమ్మం బయట చేపలు కడుగుతూ ఉంటాను.