రెయిలింగు పని పూర్తయినది

మున్సిపల్ ఆఫీసు సమాచార విభాగం వారికి,

అయ్యా, నమస్కారం. నేను కాలువ పక్క సందులో మూడో గుమ్మంలో ఉంటాను. దర్జీ కొట్లకు కాజాలు కుట్టి, గుండీలు వేసి ఇస్తాను. ఆఫీసుకు ఉత్తరం రాయడం ఇదే మొదలు. తప్పులుంటే నా మీద కోపం తెచ్చుకోకండి.

మా సందు చివర మురుగుకాలువ మీద చిన్న వంతెన ఉంది. పట్టుకోవడానికి ఏ వైపూ ఏమీ లేదు. మా ఆయనకు చూపు సగం పోయింది. పుస్తకాలు కుట్టే ప్రెస్సులో పని, అక్కడ వేళ్ళతో తడుముకుంటూ నెట్టుకొస్తాడు. రోజూ ఆ వంతెన దాటే పోవాలి, దాటే రావాలి. వచ్చేదాకా నాకు గుండె దడే. మొన్న ఆ దడలో ఒక చొక్కాకి రెండు వైపులా కాజాలే కుట్టేశాను.

పోయిన నెల మీవాళ్ళు అక్కడ బోర్డు పాతారు. "ఇరువైపులా ఇనుప రెయిలింగు పని పూర్తయినది" అని ఉంది. రెయిలింగు లేదు. దానికి ఎంత ఖర్చు పెట్టారు, పూర్తయిందని ఎవరు సంతకం పెట్టారు, అది ఎక్కడుంది? ఈ మూడు సంగతులూ చెప్పించండి. నా అంతట నాకు అడిగే ధైర్యం లేదు. మా పైవాడే రాయమన్నాడు.

ఇట్లు,
కాజాలు కుట్టే మనిషి

తా.క. బోర్డుకు మాత్రం గట్టి ఇనుప కాళ్ళు వేశారు. మా ఆయన వాటిని పట్టుకుని, వంతెన ఎటుందో చూసుకుంటున్నాడు. అందుకు కృతజ్ఞతలు.

* * *

శ్రీమతి గారికి,

మీ లేఖ అందినది. మీ వివరాలు సేకరించుచున్నాము. అవి పూర్తిగా చేతికందిన పిదప తగు చర్య తీసుకొనబడును. ఈలోగా మా మనుషులు మీ సందుకు వత్తురు. తొందరపడవద్దు.

ఇట్లు,
గుమస్తా, సమాచార విభాగం

తా.క. ఇది చేత్తో రాస్తున్నాను. పైవాడు రాయమన్నాడన్నారు. ఎంత పైవాడు? నాది ఒప్పందం మీద ఉద్యోగం. వచ్చే నెల పొడిగించాలో వద్దో తేల్చేది పైవాళ్ళే. అందుకని అడుగుతున్నాను.

* * *

గుమస్తా గారికి,

నమస్కారం. నా వివరాలు సేకరిస్తున్నారని చదివాక నాకు భయమేసింది. అడిగింది రెయిలింగు గురించి కదా, మన వివరాలెందుకు అన్నాడు మా ఆయన. ముందు అడిగినవాళ్ళ మీదే ఆరా తీస్తారని పక్కింటి వదిన చెప్పింది. మీకు ఆ శ్రమ లేకుండా నా తప్పులన్నీ నేనే రాసేస్తున్నాను.

మీ ఆఫీసు వెనక గోడ మీద నాలుగేళ్ళుగా బట్టలు ఆరేస్తున్నాను. ఒకసారి వీధి కుళాయి కట్టేయడం మరిచి వచ్చేశాను, సందంతా నీళ్ళయ్యాయి. జనాభా లెక్కలకు వచ్చిన అమ్మాయికి నా వయసు రెండేళ్ళు తగ్గించి చెప్పాను. వీటిలో దేనితోనూ మా ఆయనకు సంబంధం లేదు. వయసు సంగతి ఆయనకు తెలియను కూడా తెలియదు.

పైవాడంటారా, మాకున్నది ఒక్కడే. రోజంతా కిటికీ దగ్గర కూర్చుని వంతెన వైపే చూస్తుంటాడు. మీవాళ్ళు ఎప్పుడొచ్చారో, ఏం చేశారో అంతా నోటుబుక్కులో రాసుకుంటాడు. నిన్న మీరు పంపిన మనుషులు వంతెన వైపు కన్నెత్తి చూడకుండా, బోర్డుకు కొత్త రంగు వేసి పోయారు. అదీ రాసుకున్నాడు.

భయంతో,
కాజాలు కుట్టే మనిషి

తా.క. రంగు ఆరలేదు. మా ఆయన బోర్డు మీద చెయ్యి వేశాడు. "పూర్త" ఆయన అరచేతికి వచ్చేసింది. బోర్డు మీద "యినది" మిగిలింది.

* * *

అమ్మా, నమస్కారం.

మీ ఉత్తరం మా అధికారి ఒకసారి చదివి, లేచి తలుపు వేసి మళ్ళీ చదివారు. ఈ భవనంలో మీ వంతెన కనిపించే కిటికీ ఒక్కటే. అది పై అంతస్తులో కమిషనరు గారి గదిది. ఆయన మమ్మల్ని పిలిచి అడగకుండా మీ చేత రాయిస్తున్నారంటే వ్యవహారం ముదిరినట్టేనని మా అధికారి అంటున్నారు. మీ తప్పుల జాబితా మర్మం కూడా మాకు అర్థమైంది. ఏ పాపమూ ఎరగని మీరే ఇంత ఒప్పుకుంటే మేమెంత ఒప్పుకోవాలో పైవారు సూచిస్తున్నారన్నమాట. గోడ మీద బట్టలు మేం చూడలేదు. కుళాయి సంగతి విననే లేదు.

కొలతలు తీయడానికి టేపుతో మనిషిని పంపుతున్నాం. దయచేసి పైవారిని కాస్త దిగిరమ్మని చెప్పండి.

ఇట్లు,
గుమస్తా

తా.క. టీ కొట్టుకు పోవాలంటే కమిషనరు గారి కిటికీ కిందనుంచే పోవాలి. మూడు రోజులుగా నాకు టీ లేదు.

* * *

గుమస్తా గారికి,

టేపు మనిషి వచ్చాడు. వంతెన దగ్గర మొదలుపెట్టి మా గుమ్మం దాకా కొలిచి, గడప మీద సుద్దముక్కతో గీత గీశాడు. ఏమిటిది నాయనా అంటే, "పైనుంచి ఆర్డరు" అని వెళ్ళిపోయాడు. బట్టలు ఆరేసినందుకు ఇల్లు కొట్టేస్తారా? కుట్టు మిషను తీసుకెళ్ళి వదిన ఇంట్లో దాచాను. మా ఆయనకు గీత కనపడదు కాబట్టి చెప్పలేదు. మాకు ఈ ఇల్లు తప్ప ఇంకేమీ లేదు అయ్యా.

మీరు చెప్పమన్న మాట పైవాడికి చెప్పాను. ఇప్పట్లో దిగిరావడం కుదరదన్నాడు. టేపు మనిషి కనపడగానే కిటికీ మూసేసి, ఆ పూట అన్నం ముట్టలేదు. అయినా మళ్ళీ ఒకటే మాట, సంతకం పెట్టిన కాగితం నకలు అడుగు అని. ఇంక ఏ కాగితమూ వద్దు, నా గడప నాకుంటే చాలు అనుకున్నాను. కానీ నిన్న సాయంత్రం మా ఆయన మోకాలి దాకా బురదతో వచ్చాడు. ఏమైందంటే ఏమీ కాలేదన్నాడు. ఒక కాలికే చెప్పు ఉంది.

అందుకని, భయపడుతూనే అడుగుతున్నాను. నకలు పంపండి.

ఇట్లు,
కాజాలు కుట్టే మనిషి

తా.క. పోయింది కుడికాలి చెప్పు. కాలువ శుభ్రం చేయించే ఆలోచన ఉంటే కాస్త చూడమనండి.

* * *

అమ్మా,

పైవారు దిగిరానన్నారని తెలియగానే మా అధికారి బీరువా తాళం నా చేతిలో పెట్టేశారు. నకలు జతచేశాను. ఖర్చు నాలుగు లక్షల ఎనభై వేలు, కాంట్రాక్టరుకు మొత్తం ముట్టింది. "రెయిలింగును స్వయముగా పట్టుకొని ఊపి చూచితిని. కదలలేదు" అని రాసి సంతకం పెట్టింది మా ఇంజనీరు. లేనిది కదలదు కదా, ఆ మేరకు ఆయన అబద్ధం రాయలేదు. తప్పంతా ఆయనదేనని మా అధికారి చెప్పమన్నారు. అడుగుదామంటే మనిషి లేడు. బాత్రూములో జారిపడి కాలు విరిగిందని మూడు నెలల సెలవు పెట్టాడు. ఇల్లు మారాడట, కొత్త చిరునామా మా దగ్గర లేదు.

మీ ఇల్లు ఎవరూ కొట్టరు. టేపు అక్కడికి అయిపోయింది, అందుకని గీత గీశాడు. "మీ వివరాలు" అంటే మీరు అడిగిన వివరాలమ్మా. "మీరు అడిగిన" అని టైపు చేస్తే ఇంకో లైను పడుతుందని మానేశాను. నా బద్ధకానికి మీరు అంత భయపడ్డారు, క్షమించండి.

ఇట్లు,
గుమస్తా

తా.క. మీ వయసు సంగతి రాసిన కాగితం ఫైల్లోంచి తీసేశాను. గుమస్తా అడగగానే నకలు ఇచ్చాడని పైవారి చెవిన వేయండి.

* * *

గుమస్తా గారికి,

గడప మీద గీత తుడిచేసి, నకలు పట్టుకుని పైకి వెళ్ళాను. పైవాడంటే మీ కమిషనరు కాదు బాబూ, మా మేడ మీద గదిలో అద్దెకుండే ఆయన. అద్దెకు దిగిన వారానికే వంతెన మీంచి కాలువలో పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. తొడ దాకా పిండికట్టు, మెట్లు దిగలేడు. ఏం పని అంటే కొలతల పని అనేవాడు. దర్జీ అనుకున్నాను.

ఈ సంతకం ఎవరిదో చదివి పెట్టమన్నాను. చదవలేదు. నోటుబుక్కు తీసి నా చేతిలో పెట్టాడు. ప్రతి పేజీ కిందా అదే సంతకం ఉంది.

"ఆఫీసులో కూర్చునే పెట్టేశానండీ," అన్నాడు. "పడ్డాక ఫిర్యాదు చేద్దామంటే, రెయిలింగు ఉందని రాసింది నేనే. మీ ఆయన దాటుతున్నంతసేపూ ఈ కిటికీ ఊచలు పట్టుకుని చూసేవాణ్ణి. నా నోటితో చెప్పే ధైర్యం లేక, ఆ కాగితం చేత చెప్పిద్దామనుకున్నాను."

ఒళ్ళు మండింది. గది ఖాళీ చెయ్యమందామంటే, ఆ కాలితో వంతెన దాటలేడు. అందుకని కలం ఇచ్చి ఎదురుగా కూర్చున్నాను. చూడకుండా సంతకం పెట్టానని, పెట్టమన్నది ఫలానా వారని పేరుతో సహా రాసిచ్చాడు. ఆ పేరు మీకు తాళం ఇచ్చిన అధికారిది. అసలు కాగితం నా దగ్గర ఉంచుకుని ఒక నకలు మీకు, ఒకటి కమిషనరు గారికి పంపాను.

ఇప్పుడు నా వివరాలు ఎవరైనా నిజంగానే సేకరిస్తారేమో. భయం లేదని అబద్ధం చెప్పను. రెయిలింగు వేసేదాకా పొద్దునా సాయంత్రం మా ఆయన్ని నేనే చెయ్యి పట్టుకుని దాటిస్తాను, దాటించిన ప్రతిరోజూ మీకు ఒక ఉత్తరం రాస్తాను.

ఇట్లు,
కాజాలు కుట్టే మనిషి

తా.క. మీ ఇంజనీరు సెలవు చీటీలో బాత్రూము కొట్టేసి, పడ్డ చోటు రాస్తానంటున్నాడు. రాస్తే సెలవు నిలుస్తుందా, లేక అక్కడ రెయిలింగు ఉంది కాబట్టి ఆయన పడలేదంటారా?