మోరెల్ గారి మొదటి గుర్రం

గాల్వే

నీలిమక్కా,

నాకు జ్వరం తగ్గింది, ఇంట్లో ఎవరూ కంగారుపడకండి. నేను చూసుకునే పెద్దాయన మోరెల్ గారు ఒకప్పుడు ఫ్రాన్సులో గుర్రపు దళం ఆఫీసరు. ఆయన చెబుతుంటే ఆ జ్ఞాపకాలు పుస్తకంగా టైపు చేస్తున్నాను. చూపు పోయాక, "ఇంక చాలు నిఖిలా, నాకు పాత రోజులు కూడా కనిపించడం లేదు" అని మానేశారు. మొన్న ఊరి చివర గుర్రాలశాలకు తీసుకెళ్లాను. ఒక ముసలి గుర్రం మెడకు చెంప ఆనించి చాలాసేపు నిలబడ్డారు. తిరిగొస్తూ టాక్సీలోనే, "రాసుకో, నా మొదటి గుర్రం నన్ను బురదలో పడేసింది" అని నవ్వుతూ మొదలుపెట్టారు.

ఈసారి పంపే గోంగూర పచ్చడిలో కారం తగ్గించు, ఆయనా తింటున్నారు. అమ్మ మోకాలు ఎలా ఉంది? కోటయ్య బాబాయి మిలిటరీ కబుర్లు మొదలుపెడితే ఎవరూ లేచి వెళ్లకండి, కూర్చుని వినండి.

పిల్లలకు ముద్దులు.

నీ చెల్లెలు
నిఖిల