నెమలి బొమ్మ పెట్టిన స్లైడు

శుక్రవారం, నల్లగండ్ల.

ఆఫీసులో ఈ ఏడాది ఉత్తమ మెంటర్‌ని నేనేనట. షీల్డు తెచ్చి బల్ల మీద పెట్టాను కానీ, దాని వైపు చూడబుద్ధి కావడం లేదు.

ఆ అవార్డు కోసం హాల్లో చూపించిన స్లైడులో, శనివారాలు నేను చదువు చెప్పే శిరీష కథనే పెట్టాను. వాళ్ళమ్మ గరిటె కాల్చి తొడ మీద వాత పెట్టిందని ఆ పిల్ల నాకొక్కదానికే చెప్పింది. ఎవరికీ చెప్పనని ఒట్టు కూడా వేశాను. ఆ సంగతే పెద్ద అక్షరాలతో ఇంగ్లిష్‌లో రాశాను. అది ఉంటేనే కదా హాలంతా కళ్ళు తుడుచుకునేది! పేరు మార్చాను. అందంగా ఉంటుందని పక్కన ఆ పిల్ల గీసిన నెమలిని పెట్టాను.

వాళ్ళమ్మ యాదమ్మ మా ఫ్లోర్‌లోనే హౌస్‌కీపింగ్ చేస్తుంది. ఆమెకు ఇంగ్లిష్ రాదు కదా అనుకున్నాను. నెమలిని గుర్తుపట్టి, అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది.

"గా బొమ్మ మా శిరి గీసిందే! ఏం రాసిండ్రు మేడం?"

"బాగా చదువుతోందని రాశాను యాదమ్మా." ఎంత సులువుగా వచ్చిందో ఆ అబద్ధం.

"ఫోన్ల ఫొటో తీసుకున్న. ఇంటికి పోయి దానితోనే సదివించుకుంట. మీరే నేర్పిండ్రు గదా!"

ఫొటో తీసెయ్యమని చెప్పడానికి నోరు రాలేదు. పక్కన మేనేజర్ ఉన్నాడు మరి.

రాత్రి ఎనిమిదింటికి శిరీష రెండుసార్లు ఫోన్ చేసింది. ఎత్తలేదు. ఆ పిల్ల కూడా నాలాగే వాళ్ళమ్మకి ఏదో ఒకటి అల్లి చెప్పి ఉంటే బాగుండు...

పోయిన శనివారమే మెచ్చుకున్నాను, ఇంగ్లిష్ పాఠం ఒక్క పదం కూడా వదలకుండా చదివావని.