జట్కా రేవులో వంతు

మాఘ బహుళ విదియ, రాజమండ్రి.

పడవ దిగి, రేవులో బారుగా నిలిచిన జట్కాల్లో చివరిది ఎక్కాను. దాని గుర్రం సాధువుగా కనిపించింది. వంతు ప్రకారం ముందున్న బండే ఎక్కాలని నాకు తెలియదు.

ముందు బండివాడు పరుగున వచ్చి నా బండివాణ్ణి కిందికి లాగేశాడు. "నా వంతు బేరం లాక్కుంటావా, దొంగ వెధవా!" అంటూ కొరడా పిడితో మొహం మీద కొట్టాడు.

"నేను పిలవలేదురా, ఆయనే ఎక్కారు! చెప్పండి బాబూ!" అని వాడు అరిచాడు.

నేను బండి కమ్మీ పట్టుకుని కూర్చున్నాను. రెండో దెబ్బ వాడి కంట్లో తగిలింది. కన్ను మూసుకున్న వేళ్ల సందుల్లోంచి రక్తం కారింది.

"దిగండి బాబూ, నా బండెక్కండి," అన్నాడు కొట్టినవాడు. దిగి, ఎక్కాను.

'నేనే ఎక్కాను' అంటే సరిపోయేది. సత్రంలో ఒక్కణ్ణే కూర్చుని ఇప్పటికి ఎన్నిసార్లో పైకే అన్నాను. రేపు తిరుగు పడవకు ఆ రేవుకే పోవాలి. ఆ దెబ్బ తిన్నవాడి బండి బారులో ఉంటుందో, ఉండదో…