లంక పావురాలు, అన్న చెయ్యి

గోదావరిఖని, ఆదివారం రాత్రి

పక్షవాతంతో అన్న కుడిచెయ్యి పడిపోయి నెల దాటింది. అడవి పావురం మాంసం తింటే చెయ్యి లేస్తుందని వదిన నమ్మకం. గోదావరి నడుమనున్న లంకలో రెండింటిని పట్టుకురమ్మని నన్ను అడిగింది. చట్టం అడవి పిట్టనే కాదు, దాని గుడ్డును కూడా ముట్టనివ్వదని, పైగా ఆ మాంసంతో పక్షవాతం నయం కాదని వివరించాను.

"జైలుకైతె నేనే పోత. మీ అన్న చెయ్యి లేస్తె సాలు," అంది.

అన్న వంకరపోయిన నోటితోనే, "పిట్టల జోలికి పోకుండ్రి," అన్నాడు.

వదిన నూనె గిన్నె నా ముందు పెట్టింది. "గట్లయితె డాక్టరు చెప్పినట్టు రోజు నువ్వే వచ్చి రుద్దాలె, మరిదీ."

ఆ తీర్పుకు అప్పీలు లేదు. రుద్దినంతసేపూ చెయ్యి వెచ్చగానే ఉంది. నా పట్టు తెలుస్తోందా అని అన్నను అడిగే ధైర్యం మాత్రం రాలేదు.