పడవలో రెండో మనిషి

మార్చి 3, సోమవారం

నలభై ఒక్క ఏళ్ళు రేడియోలూ టీవీలూ బాగుచేసిన చెయ్యి ఖాళీగా ఉండమంటే ఉండదు. దుకాణం మూసేసి పది నెలలైంది. ఈ పది నెలల్లో మా ఇంట్లో నేను విప్పి బిగించనిది మా ఆవిడ ఒక్కతే. నిన్న మిక్సీ విప్పాను. దానికేం జబ్బు లేదు. బిగించాక ఒక స్క్రూ మిగిలింది. ఆ సంగతి నేను దాచాను గానీ మిక్సీ దాచలేదు.

మా ఆవిడ అమ్మాయికి ఫోన్ చేసి, మీ నాన్న ఇంట్లో బతికున్నవాటికి కూడా పోస్టుమార్టం చేస్తున్నాడే, ఏదో ఒకటి ఆలోచించవే తల్లీ, అని మొత్తుకుంది. నేను పక్క గదిలోనే ఉన్నాను. నాకు చెవుడని ఆవిడ నమ్మకం. ఆ నమ్మకాన్ని చాలా ఏళ్ళుగా జాగ్రత్తగా పెంచుకొస్తున్నాను. లాభసాటిగానే ఉంది.

సాయంత్రం అమ్మాయి నాకే ఫోన్ చేసింది. నాన్నా, మనం మళ్ళీ ఆడుకుందామా, చిన్నప్పుడు షాపులో ఆడేవాళ్ళం చూడు, అలాగ, అంది. నువ్వక్కడ నేనిక్కడ, ఆదివారం ఏడింటికి, ఇంటర్నెట్లో, అంది. ఊరికి ఈ చివర మేము, ఆ చివర అది. మధ్యలో రెండు బస్సులు. ప్రమోషన్ వచ్చాక ఆ రెండు బస్సులూ ఎక్కే తీరిక దానికి లేదు.

సరే చూద్దాంలే అన్నాను, ఏమంత అక్కర్లేనట్టు. ఫోన్ పెట్టేశాక గోడమీది క్యాలెండర్లో ఆదివారాలు లెక్కపెట్టాను.

మార్చి 5, బుధవారం

లాప్‌టాపా, డెస్క్‌టాపా. రెండు రోజులుగా ఇదే చదువు. నేను బడికి వెళ్ళింది ఏడో క్లాసు దాకా. ఆ తర్వాత నాకు పాఠాలు చెప్పినవన్నీ కాలిపోయిన వస్తువులే. మంచి గురువులు. ఎక్కడ తప్పు చేశాయో ఒంటిమీదే చూపిస్తాయి.

నాకు డెస్క్‌టాప్ మీద పక్షపాతం. మూత తీస్తే లోపల అన్నీ కనిపిస్తాయి. ఏది చెడితే అది మార్చుకోవచ్చు. లాప్‌టాప్ పుస్తకంలా తెరుచుకుంటుందన్న మాటేగాని లోపల చదవనివ్వదు. పైగా ఆట మొదలైతే గ్రాఫిక్స్ కార్డు కొలిమిలా కాగుతుంది. ఆ సన్నటి డబ్బాలో వేడి ఎటు పోతుంది? ఇదే మాట అమ్మాయితో అంటే, నాకు లాప్‌టాపే కావాలి నాన్నా, ఆఫీసుకీ పనికొస్తుంది, డెస్క్‌టాప్ బోలెడు చోటు తింటుంది, అంది. తిన్నదే కదమ్మా గట్టిగా ఉండేది అన్నాను. నీతో వాదించలేను, నీకు పెద్ద డబ్బా, నాకు చిన్న డబ్బా, సరేనా, అంది.

సరే. కానీ రెండూ నేనే ఎంచాలన్నాను. నీ ఇష్టం అంది. ఆ ఒక్క మాట తీసుకుని సాయంత్రం మూడు వీధులు నడిచొచ్చాను.

మార్చి 8, శనివారం

కంప్యూటర్ల దుకాణంలో ఒక కళ్ళద్దాల అమ్మాయి. ఎవరికండీ అంది. తండ్రీ కూతురూ ఆడుకోవడానికి అన్నాను. పాప వయసెంత అంది. ముప్పై ఆరు అన్నాను. అయితే హోంవర్కుకి కాదన్నమాట, అంది. నాకు నచ్చింది.

ముందు ఏడు రంగుల దీపాలు వెలిగే డబ్బా చూపించింది. అవి ఆరిపోతాయా అని అడిగాను. అందరూ వాటికోసమే కొంటారండీ అంది. అవసరం లేనిచోట వెలుగు కనిపిస్తే ఎక్కడో షార్టయిందనే నా అనుభవం అని చెప్పాను. మెమరీ ముప్పై రెండు జీబీ కావాలా అంటే, మీ ఆటకి పదహారు చాలు అంది. తక్కువది చాలని చెప్పే అమ్మకందారు నా జీవితంలో ఇంతకుముందు ఒక్కడే కనిపించాడు, వాడు ఆర్నెల్లకే దుకాణం ఎత్తేశాడు. ఫ్యాన్‌కి చెవి ఆనించి విన్నాను. చుట్టుపక్కల వాళ్ళు నవ్వుకున్నారు. రెండోసారి చూపించిన డబ్బా మార్పించాను, దాని ఫ్యాన్ బేరింగు గొణుగుతోంది.

అమ్మాయి లాప్‌టాప్‌కి మైకు మాత్రం దుకాణంలో ఉన్నవాటిలోకెల్లా మంచిది తీసుకున్నాను. ఇంత మంచిది ఆటకెందుకండీ అంది కళ్ళద్దాల పిల్ల. చెప్పలేదు. మా అమ్మాయికి నవ్వు వచ్చేముందు ముక్కులోంచి చిన్న గాలి వస్తుంది. చవక మైకు ఆ గాలిని మింగేస్తుంది.

మార్చి 11, మంగళవారం

డబ్బాలు వచ్చాయి. మా ఆవిడ కుట్టుమిషను వరండాలోకి వెళ్ళింది, ఆవిడ తిట్లు దాని వెనకాలే వెళ్ళాయి.

మార్చి 16, ఆదివారం, రాత్రి ఎనిమిదిన్నర

ఆడాం!

ఒక నది. ఒడ్డున ఇద్దరు మనుషులు, ఒకరు నేను, ఒకరు అమ్మాయి, నెత్తిమీద ఎవరి పేరు వాళ్ళకి. చెక్కలు ఏరుకోవాలి, పడవ కట్టాలి, సుడిగుండాలు తప్పించుకుంటూ సముద్రం చేరాలి. పడవ ఇద్దరిదీ, కానీ ఎవరు ఎక్కువ చెక్కలు తెస్తే వాళ్ళే నాయకుడు, వాళ్ళదే గెలుపు. నేను మూడుసార్లు మునిగాను. మా అమ్మాయి నా చేతిలో చెక్క నా కళ్ళముందే లాక్కుని పరుగు. ఒసేయ్ దొంగా అని అరిచాను. మా ఆవిడ వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది.

ఏడేళ్ళప్పుడూ ఇంతే. ఎవరో బాగుచెయ్యమని ఇచ్చి మళ్ళీ రాని టీవీ గేమ్ ఒకటి నా దుకాణంలో ఉండేది. రెండు తెల్ల గీతలు, మధ్యలో గెంతే చుక్క. బడి వదిలాక వచ్చేది, వాళ్ళమ్మ ఫ్యాక్టరీలో షిఫ్టు దిగేదాకా. నాన్న కదా, ఒక్కసారి గెలవనిద్దాం అనే జాలి దానికి ఏనాడూ లేదు. మోచెయ్యి నా చేతిమీద వేసి నొక్కిపెట్టేది. ఆ మోచెయ్యి అలాగే ఉంది. స్క్రీన్‌లోంచి కూడా తగులుతుంది.

వెనకాల అల్లుడు కూర్చుని చూస్తున్నాడట. మా అల్లుడు లైబ్రరీలో పని చేస్తాడు, ఇంట్లోనూ అక్కడి నియమమే పాటిస్తాడు. తొమ్మిదేళ్ళలో అతను నాతో మాట్లాడినదంతా ఒక కార్డుముక్క మీద రాస్తే ఇంకా చిరునామాకి చోటు మిగులుతుంది.

మార్చి 23, ఆదివారం

మళ్ళీ ఓడాను. ఆ గాలి నాలుగుసార్లు వినిపించింది. లెక్కపెట్టాను.

మార్చి 30, ఆదివారం

మైకు పోయిందట. మాటల్లేవు, టైపు చేసింది. నా ఎంపిక మూడో వారానికే చెడిపోయిందంటే సిగ్గేసింది. ఆడాం. నేను గెలిచాను.

ఏప్రిల్ 1, మంగళవారం

అమ్మాయికి ఫోన్ చేసి రోగలక్షణాలు అడిగాను. పూర్తిగా మూగదా, గరగరమంటోందా, తీగ కదిపితే వస్తోందా, అని. ఏమో నాన్నా, చూడలేదు, మీటింగులో ఉన్నాను, అంది. వేరే సాకెట్‌లో పెట్టి చూడమన్నాను. అబ్బా, టైపు చేస్తున్నాను కదా, చాల్లేదూ, అంది. చాల్లేదు. అలాగని అనలేదు.

ఏప్రిల్ 6, ఆదివారం

మళ్ళీ గెలిచాను. రెండు వారాలు వరసగా.

ఎవరో ఒకసారి చెయ్యిపెట్టిన టీవీ నా బల్ల మీదికొస్తే, మూత తియ్యగానే అది ఎవరి పనో చెప్పేవాణ్ణి. మా వీధి చివర ఒకడుండేవాడు, ఆవగింజ అనేవాళ్ళం, సోల్డరింగ్ అతుకు అంత సన్నగా, గుండ్రంగా పెట్టేవాడు. ఇంకొకడు అవసరానికి మూడింతలు పూసేవాడు, మనిషి మాటా అంతే. బోర్డు మీద సంతకం అక్కర్లేదు. చెయ్యి దాగదు.

ఇవాళ ఒడ్డున మా అమ్మాయి బొమ్మ నాకోసం ఆగింది. నేను చెక్క ఎత్తుకునేదాకా చూసి, ఆ పక్కనున్న చిన్నది తీసుకుంది. పడవలోకి నన్ను ముందు ఎక్కనిచ్చింది. సుడిగుండం దగ్గర తను నీళ్ళలో దూకి నన్ను ఒడ్డుకి తోసింది. మునిగిపోయాక, పర్లేదు నాన్నా అని టైపు చేసింది.

ఆ చెయ్యి మా అమ్మాయిది కాదు.

రాసింది చదువుకున్నాను. కొట్టెయ్యడానికి పెన్ను ఎత్తి, కొట్టెయ్యలేకపోయాను. ప్రమోషన్ వస్తే మనుషులకి మర్యాద కూడా వస్తుందేమో. ఏదో పాత సంగతి అడిగి పరీక్ష పెట్టొచ్చు. పెడితే తేలిపోతుంది. అందుకే పెట్టలేదు.

ఏప్రిల్ 13, ఆదివారం

ఆ కళ్ళద్దాల పిల్ల దగ్గర ఇంకో మైకు కొని, నడకకని చెప్పి బయటపడ్డాను. రెండు బస్సులు. ఆరూ యాభైకి వాళ్ళ తలుపు తట్టాను. దారి పొడుగునా నాకు నేను చెప్పుకున్నదొక్కటే, మైకు మార్చడానికే వెళ్తున్నానని.

తలుపు తీసింది అల్లుడు. మెడలో హెడ్‌సెట్. మామయ్యగారూ అన్నాడు. కార్డుముక్క అక్కడితో నిండిపోయినట్టుంది. అతని వెనక బల్లమీద లాప్‌టాప్, అందులో నది, ఒడ్డున మా అమ్మాయి పేరుతో ఒక మనిషి నాకోసం ఎదురుచూస్తూ. ఇంకాస్త వెనక సోఫాలో మా అమ్మాయి. కాళ్ళు బారచాపుకుని, పుస్తకం చదువుకుంటూ. ఆఫీసు లేదు, మీటింగు లేదు, జ్వరం లేదు. కనీసం జ్వరం ఉన్నా బాగుండేది.

ఎవరూ మాట్లాడకముందే నేను మైకు దగ్గరికెళ్ళాను. అలవాటు. కొత్తది పెట్టేముందు పాతదాన్ని ఒకసారి చూడాలి. ఊదాను. తెరమీద పచ్చగీత టపీమని లేచింది. వస్తువుకేం జబ్బు లేదు. నా వృత్తిలో అంతకన్నా చెడ్డ వార్త లేదు. వస్తువు బాగుందంటే అబద్ధం మనిషిది.

నాన్నా కూర్చో, చెప్తాను, అంది. నిలబడే విన్నాను.

రెండు వారాలు ఆడాను నాన్నా, ఇంక నావల్ల కాలేదు, వారమంతా స్క్రీనే చూసి ఆదివారం కూడా స్క్రీనేనా, అంది. మానేస్తే నువ్వు బాధపడతావని ఈయన్ని కూర్చోబెట్టాను అంది. మానేస్తానని చెప్పకూడదా అన్నాను. చెప్పాలనే అనుకున్నా, రెండో వారం నీ గొంతు విన్నాక చెప్పలేకపోయాను, అంది.

చిన్నప్పటినుంచీ నీకు ఆటంటే ప్రాణం కదే అన్నాను. అక్కడ ఊరుకుని ఉండాల్సింది.

నాకు ఆటలంటే ఎప్పుడూ ఇష్టం లేదు నాన్నా, అంది. షాపుకొస్తే నాకు నీ వీపే కనిపించేది. తల టీవీలో పెట్టుకుని నిన్ను పిలిచినా ఊ అనేవాడివి, అంతే. ఆ గేమ్ తీస్తేనే ఇటు తిరిగేవాడివి. అందుకని ఆడేదాన్ని.

మరి ఆ మోచెయ్యీ, ఆ లాక్కోవడం, అన్నాను.

తొందరగా గెలిస్తే తొందరగా అయిపోయేది. అయిపోతే ఇంటికి తీసుకెళ్ళేవాడివి, అంది. నీ మీద కోపంతో కాదు నాన్నా, ఊరికే చెప్తున్నాను, అని కూడా అంది. కోపంతో అన్న మాటైతే దులుపుకోవచ్చు. ఊరికే అన్నది ఎముకలోకి దిగుతుంది.

ముప్పై ఏళ్ళుగా నా దగ్గర దాచుకున్నదొక్కటే. దుకాణం పోయింది, చూపు తగ్గింది, పోతే పోయాయి, ఆ సాయంత్రాలున్నాయి కదా అనుకునేవాణ్ణి. అవి నావి కావట. అక్కడ ఆడుకున్నవాణ్ణి నేనొక్కణ్ణే. మొదటి రెండు ఆదివారాల నవ్వు నిజమేనా అని అడగబోయి ఆగాను. అడిగితే చెప్పేస్తుంది.

అల్లుడు బస్‌స్టాపు దాకా వచ్చాడు. నాకు సీటు దొరికిందో లేదో కిటికీలోంచి చూసి వెళ్ళాడు.

ఇంటికొస్తే మా ఆవిడ గుమ్మంలో నిలబడి ఉంది. అమ్మాయి ఫోన్ చేసేసింది. నీకూ తెలుసా అన్నాను. మైకు పోయిందని చెప్పమన్నది నేనేనండీ అంది. ఎందుకే అన్నాను. ఆదివారం కోసం వారమంతా బుద్ధిగా ఉంటున్నారు కదా, మిక్సీ మిగులుతుందనుకున్నాను, అంది.

ముగ్గురూ కలిసి నన్ను మూల కూర్చోబెట్టడానికి బొమ్మ కొనిచ్చారు. ఆ బొమ్మని చెవి ఆనించి మరీ ఎంచుకొచ్చింది నేను.

ఏప్రిల్ 14, సోమవారం

మిక్సీ విప్పాను. మా ఆవిడ చూసి, స్క్రూలకి ఒక గిన్నె తెచ్చిపెట్టింది.

ఏప్రిల్ 16, బుధవారం

అల్లుడు ఫోన్ చేశాడు. తొమ్మిదేళ్ళలో మొదటిసారి. క్షమించండి మామయ్యగారూ అన్నాడు. తను ఎలా ఆడుతుందో రెండు వారాలు చూసి కాయితం మీద రాసుకున్నానండీ, అన్నాడు. ఎప్పుడు గెంతాలి, ఎప్పుడు లాక్కోవాలి, అన్నీ. తీరా కూర్చున్నాక మీ చేతిలోది లాగడానికి నాకు చెయ్యి రాలేదండీ, అన్నాడు.

దొంగతనానికొచ్చినవాడు గుమ్మం దగ్గర చెప్పులు విడిస్తే దొరక్క ఏమవుతాడయ్యా అన్నాను. చిన్నగా నవ్వాడు. నవ్వగలడని తెలీదు. నాకు నవ్వు రాలేదు. మునిగేవాణ్ణి ఒడ్డుకి తోసేంత మంచివాడు కూడా మోసానికి ఒప్పుకున్నాడే అన్న చోటే నా బుర్ర ఆగిపోయింది.

ఆదివారం నేను ఆన్ చెయ్యను, అమ్మాయికి చెప్పు అన్నాను. చెప్తానండీ అన్నాడు. నిన్నటినుంచీ తనే లాప్‌టాప్ తెరుచుకుని కూర్చుంటోందండీ, ఏమీ చెయ్యదు, అన్నాడు. నేను ఊ అన్నాను.

ఏప్రిల్ 20, ఆదివారం

ఆన్ చెయ్యనన్నాను. చేశాను. ఒడ్డున ముందే ఒక మనిషి ఉన్నాడు, నెత్తిమీద అమ్మాయి పేరు. ఒక్క అడుగు వేస్తే ఆ చెయ్యి ఎవరిదో చెప్పేస్తాను. వెయ్యలేదు. నేనూ వెయ్యలేదు. మా ఇద్దరి మధ్యా ఒకటే చెక్క పడుంది. ఏడూ నలభై అయింది.